గోర్డీ తల అడ్డంగా ఊపిన మధ్యాహ్నం

గోర్డీ పాప్లామ్‌కు అరవై రెండేళ్లు. అందులో నలభై ఏళ్లు డ్రమ్ముల వెనకే గడిచాయి. మిగతా ఇరవై రెండేళ్లు ఏం చేశావని అడిగితే, పెద్దవాళ్లు డ్రమ్ముల దగ్గరికి రానిస్తారా లేదా అని కాచుక్కూచున్నానంటాడు. మిషిగన్ సరస్సు ఒడ్డునున్న కెవానీ కౌంటీలో పోల్కా నాట్యం తెలిసిన ప్రతి మోకాలూ అతని దెబ్బకు లేచి ఆడిందే. వాటిలో సగం ఇప్పుడు ఆస్పత్రిలో మార్పించిన కొత్త మోకాళ్లు. అయినా ఆడుతూనే ఉన్నాయి.

అతను వాయించేది లవర్న్ డుఫెక్ బ్యాండులో. లవర్న్‌కు ఎనభై ఒకటి. కాన్సర్టీనా పెట్టెను ఒళ్లో పెట్టుకుని లాగుతూ, నొక్కుతూ, పాటకూ పాటకూ మధ్య మైకులో కథలు చెబుతాడు. కథలు మొత్తం పదకొండు. మంచు కరిగిన మిషిగన్ సరస్సు మీదికి ట్రాక్టరు తోలిన పినతండ్రి కథ ఒకటి, పాదిరీగారి టోపీలో గుడ్డు పెట్టిన కోడి కథ ఒకటి, మిగతా తొమ్మిదీ ఆ రెంటికీ దగ్గరి చుట్టాలు. ప్రతి కథకూ ఆఖరున లవర్న్ వెనక్కి తిరిగి, డ్రమ్మర్ల తెలివి మీద ఒక చురక వేసి, "కాదంటావా గోర్డీ?" అని అడుగుతాడు. గోర్డీ ఈయనతో వేగలేనన్నట్టు తల అడ్డంగా ఊపి, ధబ్ ధబ్ ఛస్ అని వాయిస్తాడు. జనం నవ్వుతారు. నలభై ఏళ్లుగా ఇదే తంతు.

ఆ తర్వాత లవర్న్ రెండు వరసలు వాయిస్తే, అది ఏ పాటో పోల్చుకుని మిగతా ముగ్గురూ అందుకోవాలి. పాట పేరు చెప్పే ఆచారం ఆ బ్యాండులో లేదు. ఆ ముగ్గురూ ఎవరంటే గోర్డీ ఒకడు, బాకా ఊదుతూ పాటలు పాడే కర్ట్ యిరాసెక్ ఒకడు, ట్యూబా అనే పెద్ద బొంగురు బాకా మోసే డ్యూయేన్ ఒకడు.

లవర్న్ తర్వాత బ్యాండు తనదే కావాలని గోర్డీ కోరిక. కోరికంటే చాలదు, అతని బతుకంతా దానిమీదే నిలబడి ఉంది. తన పేరు రాయించిన కొత్త డ్రమ్ము తోలు ఆరేళ్లుగా గరాజులో దుప్పటి కింద దాచిపెట్టాడు. కానీ నోరు తెరిచి అడగలేదు. మా కౌంటీలో ఒక వస్తువు కావాలని అడగడం, దాన్ని దొంగిలించడం దాదాపు ఒకటే. అవతలివాళ్లే ఇస్తామనాలి. అన్నప్పుడు మొదటిసారి వద్దనాలి. రెండోసారి కూడా వద్దనాలి. మూడోసారి అడిగితే, "మీరింతగా అంటున్నారు గనక" అని నసిగి పుచ్చుకోవాలి. కాఫీ కప్పు నుంచి కాపురం దాకా అన్నీ ఈ పద్ధతిలోనే చేతులు మారతాయి. మూడోసారి కూడా వద్దంటే నిజంగానే వద్దని అర్థం. నాలుగోసారి అడగడమంటే ఎదుటి మనిషిని అవమానించడమే.

ఇక చెవుల సంగతి. నలభై ఏళ్లు కర్ట్ బాకా పక్కన కూచున్న పుణ్యానికి గోర్డీ ఎడమ చెవి సగానికి పైగా పోయింది. గ్రీన్ బేలో డాక్టరు ఇలాగే వాయిస్తే రెండోది కూడా పోతుందన్నాడు. ఈ మాట గోర్డీకి సరిగా వినపడలేదు గానీ భార్య ఆర్లీన్‌కు బాగానే వినపడింది. స్టేజి మీద వాయించేవాళ్లకు తమ పాట వినిపించే నేల మానిటర్ స్పీకర్లు మానేసి, చెవిలో పెట్టుకునే వైర్‌లెస్ మానిటర్లు కొంటేగానీ ఇంట్లోకి రావద్దంది. పెద్ద పెద్ద సంగీతకారులు చెవిలో మైనం పోసి అచ్చు తీయించుకుని చేయించుకునే రకం గోర్డీ ముందు చూశాడు. ధర చూసి, కంప్యూటరు మూసి, ఒక రోజంతా గడ్డి కోశాడు. మర్నాడు ఇంటర్నెట్‌లో అన్నిటికన్నా చవకది తెప్పించాడు. శబ్దాన్ని గాల్లో పంపే డబ్బా ఒకటి, నడుముకు తగిలించుకునే మూడు రిసీవర్లు, మూడు జతల ఇయర్‌ఫోన్లు. కాగితం మీద వాడే విధానం ఉంది గానీ, రాసినవాడికి అది అర్థమైందని నమ్మడం కష్టం.

చవక సరుకుకు ఉండాల్సిన సుగుణాలన్నీ దానికున్నాయి. ఎప్పుడూ, శుక్రవారం విందులో చేపలు వేగుతున్నట్టు చప్పుడొకటి చెవిలో వినిపిస్తూ ఉండేది. డ్యూయేన్ మూడు వందల పౌండ్ల మనిషి, ట్యూబా అదనం. అతను డబ్బాకు అడ్డం నిలబడితే సంగీతం మొత్తం అతనిలోనే ఇంకిపోయేది. ఖాళీ హాల్లో సరిచూసుకున్నప్పుడు అమోఘంగా పనిచేసి, జనం నిండగానే తెగిపోయేది. ఒక ఊళ్లో అయితే ఫాదర్ గారి కాలరు మైకు అదే తరంగం మీద పడి, ఈ బ్యాండును పిలిచిందెవరని ఆయన వంటవాళ్లను అడగడం ముగ్గురి చెవుల్లోకీ స్పష్టంగా వచ్చింది. ఆ ఒక్కరోజే దానిలో శబ్దం నాణ్యంగా ఉంది.

లవర్న్ మాత్రం అది పెట్టుకోనన్నాడు. "నా మాటలు జనం కోసం రా. నా చెవిలోకి నేనెందుకు మాట్లాడుకోవాలి?" అని తన పాత నేల స్పీకరు తన కాళ్ల దగ్గరే ఉంచుకున్నాడు.

చవకది గనక ముగ్గురికీ ఒకటే మిక్సు, ఆ మిక్సు గోర్డీ ఫోనులో ఉండేది. ఎవరి శబ్దం ఎంత ఉండాలో తెరమీద వాళ్ల గీతను వేలితో పైకీ కిందికీ జరిపితే సరి. మొదటి వేసవిలో ఒక ఆదివారం ట్రాక్టరు కథ మొదలవగానే గోర్డీ లవర్న్ మాటల మైకును కొంచెం తగ్గించాడు. కొంచెం తగ్గిస్తే కొంచెం హాయిగా ఉంది. పూర్తిగా తగ్గించాడు. ఇయర్‌ఫోన్లు చెవిని బిగించి మూసేవి గనక బయటి మాట కూడా లోపలికి రాలేదు. డ్యూయేన్ ఇటు తిరిగి, కళ్లు మూసుకుని, దేవుడికి దండం పెట్టాడు. ఆ గీత మళ్లీ పైకి లేవలేదు. మూడు వేసవులు లవర్న్ జనానికి కథలు చెబుతూనే ఉన్నాడు, వెనక వీళ్లిద్దరూ ఆ చల్లని నిశ్శబ్దంలో బీరు తాగుతూనే ఉన్నారు. గోర్డీ చేయాల్సిందల్లా లవర్న్ వైపే చూస్తూ ఉండడం. ఆయన ఎప్పుడు తిరిగితే అప్పుడు తల ఊపి ధబ్ ధబ్ ఛస్. యంత్రం చవకదైనా పనికొచ్చిందని మురిసిపోయాడు. అలా మురిసిన మనిషిని మంచివాడని నేననలేను.

కర్ట్ ఒక్కడు ఒక చెవికే పెట్టుకునేవాడు. రెండూ మూస్తే బాకా తన బుర్రలోనే మోగుతోందని అతని గోల. ఒక చెవి తెరిచి ఉంచితే రెండూ పాడవుతాయిరా అని గోర్డీ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, కర్ట్ పెడచెవిన పెట్టాడు.

ఆగస్టులో చర్చి పిక్నిక్ వచ్చింది. తెల్లవారుజాము నుంచి పడవ తెడ్లతో తిప్పిన బూయా కోడిపులుసు అయిదు గంగాళాల్లో ఉడుకుతోంది. మధ్యాహ్నం రెండింటికి, ఒక పాట అయ్యాక, లవర్న్ మైకు అందుకున్నాడు. ఆ రోజు ఎక్కువసేపు మాట్లాడాడు. గోర్డీ మాత్రం బూయా క్యూ వైపు ఒక కన్ను వేసి, ఇలా సాగితే తనకు అడుగంటిన గరిటెడు కూడా మిగలదని లెక్క వేసుకుంటున్నాడు.

లవర్న్ తిరిగాడు. పెదవులు కదిలాయి. గోర్డీ తల అడ్డంగా ఊపి ధబ్ ధబ్ ఛస్ వాయించాడు.

జనం నవ్వినట్టు లేదు. కోడి కథ అయి ఉంటుంది, అది ఎప్పుడో అరిగిపోయింది అనుకున్నాడు. లవర్న్ ఒకడుగు దగ్గరికొచ్చి మళ్లీ ఏదో అన్నాడు. ముసలాయన ఇవాళ సాగదీస్తున్నాడు, పోనీ పాపం అని గోర్డీ ఇంకా బాగా తల ఊపి, ఇంకా బాగా వాయించాడు. లవర్న్ మైకు నోటికి ఆనించుకుని మూడోసారి అడిగాడు. ఈసారి గోర్డీ నలభై ఏళ్ల అనుభవమంతా ఉపయోగించి, కళ్లు తేలేసి, తల ఈ భుజం నుంచి ఆ భుజానికి ఊపి, పెద్ద తాళం కూడా మోగించాడు.

లవర్న్ మెల్లగా తలాడించి కర్ట్ వైపు తిరిగాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నాక కర్ట్ టోపీ తీశాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. కర్ట్ పుట్టినరోజు కాబోలనుకుని గోర్డీ డ్రమ్ము మీద పెద్ద ఉరుము ఉరిమించాడు.

విరామంలో ఆర్లీన్ బూయా గిన్నె తెచ్చింది. గిన్నె అతని చేతికివ్వలేదు.

"ఎందుకు వద్దన్నావు?"

"ఏది?"

"మూడుసార్లు అడిగాడు గోర్డీ. ఊరంతా విన్నారు."

గోర్డీ ఇయర్‌ఫోన్లు తీశాడు. ఆర్లీన్ చెప్పింది. లవర్న్ వేళ్లు ఇక బొత్తాలు నొక్కలేవట. ఇదే ఆఖరి పిక్నిక్ అట. యాభై ఏడేళ్ల బ్యాండును గోర్డీ చేతుల్లో పెడతానన్నాడట. గోర్డీ మూడుసార్లూ పకోడీగాడిలా తల ఊపి, మూడోసారి తాళం కూడా మోగించాడు. తర్వాత ఆయన కర్ట్‌ను అడిగితే, కర్ట్ రెండుసార్లు వద్దని మూడోసారి సరేనన్నాడు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

పక్కనుంచి డ్యూయేన్, తను కూడా అది కర్ట్ పుట్టినరోజే అనుకున్నానన్నాడు. ఆ మాట ఎవరికీ ఉపయోగపడలేదు.

గోర్డీ చర్చి వెనక్కి పరిగెత్తాడు. లవర్న్ తన ట్రక్కు వెనక పలక దించి దానిమీద కూచుని ఉన్నాడు, పెట్టె పక్కన.

"వద్దంటే వద్దనుకో. తాళం దేనికి మోగించావురా?" అన్నాడు ముసలాయన.

"పెద్దాయనా, నాకు వినపడలేదు."

"నీ చెవి సంగతి నాకు తెలీదా? అందుకేగా మైకు కొరికినంత పని చేశాను."

"అది కాదు. ఆ ఇయర్‌ఫోన్లలో..."

లవర్న్ చెయ్యి అడ్డం పెట్టాడు. "యంత్రాల గోల నాకొద్దు. ఇటు విను. నా కథలు పాతవని నాకు తెలుసు. కర్ట్ ఆవులిస్తాడు. డ్యూయేన్ కళ్లు మూసుకుంటాడు. నువ్వొక్కడివే మొదటి మాట నుంచి చివరిదాకా రెప్ప వెయ్యకుండా నా వైపే చూస్తావు. ఎనభై ఏళ్లు దాటినవాడి మాట అలా ఎవరు వింటారు? మా ఇంట్లో ఎవరూ వినరు. అందుకే నీకిద్దామనుకున్నాను. ఇంక దేనికీ కాదు."

ఫోను గోర్డీ జేబులో ఉంది. తీసి ఆ గీత చూపిస్తే చాలు, బ్యాండు తనది కావచ్చు. కానీ మూడు వేసవులుగా ఒక్క కథా వినలేదని కూడా బయటపడుతుంది, ఆ సిగ్గుతో చెయ్యి జేబు దాకా పోలేదు.

లవర్న్ అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. తర్వాత మా కౌంటీలో ఏ మర్యాదస్థుడూ చేయని పని చేశాడు. "మళ్లీ అడుగుతున్నా. కర్ట్‌కు నేను సర్దిచెప్పుకుంటాను. తీసుకుంటావా?"

ప్రతి అక్షరం కుడి చెవికి చక్కగా వినపడింది.

"వద్దు పెద్దాయనా," అన్నాడు గోర్డీ. "బ్యాండుకు పెద్దగా ఉండేవాడు జనంతో మాట్లాడాలి. నాకు మాట్లాడటం రాదు."

"రాకపోతే ఏం? ఇన్నేళ్లు అంత శ్రద్ధగా విన్నావు, నీకు రాకపోవడమేంటి?"

"రాదు," అన్నాడు గోర్డీ.

లవర్న్ చెయ్యి చాపితే గోర్డీ పట్టుకుని కిందికి దించాడు. ఇంకా ఒక విడత వాయించాల్సి ఉంది, ఇద్దరూ స్టేజి వైపు నడిచారు. దారిలో ముసలాయన ట్రాక్టరు కథ మొదలుపెట్టాడు. గోర్డీ తన మంచి చెవి ఆయనవైపు ఉండేలా ఆయన కుడివైపు నుంచి ఎడమవైపుకు రావాలనుకుని, ఆగి, దాటుకుని, మళ్లీ ఆగి, చివరికి వెనక్కి తిరిగి ఆయన ఎదురుగా నిలబడి విన్నాడు. కథ మారిపోయి ఉంది. పినతండ్రి ఇప్పుడు మునిగి చచ్చిపోతాడట, కథ ఎప్పుడు అలా మారిందో గోర్డీకి తెలియదు.