పులిహోర డబ్బాలో మబ్బు అడవి

మా పడకగదికి ఆనుకుని ఉన్న బాత్రూంలో, షవర్ పక్కన గూట్లో ఒక మొక్క ఉంది. అరచేతిలో పట్టేంత మొక్క. దాన్ని ఇన్నేళ్లుగా బయటివాళ్లెవరికీ చూపించలేదు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే ముందు ఆ తలుపు మూసేస్తాను. తూస్తే నిమ్మకాయంత కూడా తూగదు. అయినా దాన్ని మోస్తూనే ఉన్నాను, దించే చోటు దొరక్క. ఇవాళ మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈపాటికి చెప్పేసి ఉండేదాన్ని.

ముందు ఇక్కడ అమెరికాలో, మా మోరిస్‌విల్ ఊళ్లో ఉండే తెలుగు ఆడవాళ్ల సంగతి చెప్పాలి. మాకు మొక్కల పిచ్చి. ఒకరింట్లో కరివేపాకు పిలక వేస్తే ఇంకొకరికి చేరాల్సిందే. మల్లె అంటు, గోంగూర విత్తనాలు, తమలపాకు తీగ, ఏదీ ఒక ఇంట్లో ఆగదు. మనీ ప్లాంట్‌ని మాత్రం అడగం. అడక్కుండా గిల్లి తెచ్చుకుంటేనే ఏపుగా పెరుగుతుందని నమ్మకం కదా! భోజనాలకు వెళ్లినప్పుడు ఒకరు వంటింట్లో ఇంటావిడను మాటల్లో పెడితే ఇంకొకరు హాల్లో గిల్లుతారు. ఆవిడకీ తెలుసు, చూడనట్టే ఉంటుంది. మర్నాడు ఫోన్ చేసి "ఏమే దొంగా, బతికిందా?" అని నవ్వుతుంది. దొంగ అనే మాట మా మధ్య అంత తేలిగ్గా తిరిగేది.

ఆ అలవాటుతోనే పెరూ వెళ్లాను.

అప్పటికి మా ఆయనా నేనూ హెచ్‌వన్‌బి వీసా మీద ఉన్నాం. అమెరికా వీసా ఉంటే పెరూకి వేరే వీసా అక్కర్లేదని ఎవరో చెప్పారు. అంతే, కొన్ని కుటుంబాలం కలిసి బయల్దేరాం. అందులో లావణ్య, శ్రీధర్ గారు మాకు బాగా దగ్గర. వాళ్లమ్మాయి శ్రేయ అప్పుడు హైస్కూల్లో చదువుతోంది. ఇక్కడే పుట్టిన పిల్ల. నాకు పిల్లల్లేరు. ప్రయాణమంతా ఆ పిల్ల వాళ్లమ్మ పక్కన కాదు, నా పక్కన కూర్చుంది. నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. ఆ గర్వం గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆండీస్ కొండల్లో ఆ పార్కు ఉంది. మబ్బులు కొండకు పైన ఉండవు అక్కడ, చెట్ల మధ్య నుంచి నడిచి వెళ్తుంటాయి. వాన లేకపోయినా ఆకులు కారుతూనే ఉంటాయి. ఏ కొమ్మ చూసినా నాచు దుప్పటి కప్పుకుని ఉంటుంది, ఆ నాచులో ఇంకో మొక్క, దాని ఒడిలో నీళ్లు, ఆ నీళ్లలో ఏదో చిన్న కప్ప. మా గుంపు గోల గుంపు, బస్సు దిగేదాకా అంత్యాక్షరి పాడుతూనే ఉంది. అడవిలో అడుగు పెట్టాక ఒక్కరూ నోరెత్తలేదు. పార్కు గైడ్ రోసా అనే ఆవిడ. శ్రేయ ఆవిడ వెనకే తిరుగుతూ, స్కూల్లో నేర్చుకున్న స్పానిష్‌తో ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తూ ఉంది. మధ్యాహ్నానికి రోసా ఆ పిల్లతో, వచ్చే వేసవికి వాలంటీర్‌గా రమ్మని, పార్కులోనే ఉండి మొక్కల పని నేర్చుకోవచ్చని చెప్పింది. శ్రేయ పరుగెత్తుకుంటూ వచ్చి ఆ మాట ముందు నాకే చెప్పింది. సంతోషంతో గెంతులేసింది.

ఆ సంతోషంలోనే నన్ను ఒక పడిపోయిన కొమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

"ఆంటీ, ఇది చూడండి. ఎంత టైనీ ఆర్కిడ్! నేనే ఫైండ్ చేశాను. ఎవరికీ చెప్పలేదు, మీకే."

కందిబద్దంత పువ్వు. తేనె రంగు. దాన్ని ఫోన్‌లో పెద్దది చేసి చూపిస్తే తప్ప రేకులున్నాయని కూడా తెలియదు. మా మోరిస్‌విల్‌లో ఎవరింట్లోనూ లేదిది, అనుకున్నాను. చూడండి నా బుద్ధి. అంత అడవి మధ్యలో నిలబడి నేను అనుకున్న మాట అది.

అందరూ భోజనాలకు కూర్చున్నాక, కాళ్లు సాగదీస్తానని చెప్పి వెనక్కి వెళ్లాను. పడిపోయిన కొమ్మే కదా, ఎలాగూ కుళ్లిపోయేదే కదా, నాతో వస్తే బతుకుతుంది కదా. ఇన్ని 'కదా'లు ఎందుకు కావలసి వచ్చాయి నాకు? తప్పు కాదనుకుంటే ఒక్కటి కూడా అక్కర్లేదు. పార్కు గేటు దగ్గర ఆకు కూడా తెంపవద్దని బోర్డు ఉంది. నేను చదివాను. మొక్కని నాచుతో సహా ఊడబెరికి, మా అలవాటు ప్రకారం రెండు ముక్కలు చేశాను, ఒకటి చస్తే ఇంకొకటి ఉంటుందని. ఒక ముక్క పులిహోర డబ్బాలో అడుగున పెట్టి, మిగిలిన పులిహోర పైన సర్దాను. డబ్బాలో అంతకంటే పట్టలేదు. రెండో ముక్కని టిష్యూలో చుట్టి జాకెట్ జేబులో వేసుకున్నాను. పువ్వున్న ముక్క అదే.

సాయంత్రం గేటు దగ్గర బస్సు ఆగింది. గార్డులు ఒక్కొక్కరినీ దింపి జేబులు తడిమి చూస్తున్నారు. ఇక్కడ పేరు ఎక్కితే? రేపు తిరిగి వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో ఆపితే? నా వీసా, నాతోపాటు మా ఆయన వీసా, గ్రీన్‌కార్డు ఆశ, అన్నీ కళ్ల ముందు తిరిగాయి. పక్క సీట్లో శ్రేయ బ్యాగ్ ఉంది. ఆ పిల్ల అప్పటికే దిగి, గేటు పక్కన పూలమీద ఆడుతున్న తేనెపిట్టల్ని చూస్తోంది. పిల్లల బ్యాగులు చూడరులే అనుకున్నాను. టిష్యూ తీసి ఆ బ్యాగ్ పక్క జేబులో కుక్కి జిప్ లాగాను.

చూడరులే అని మాత్రమే అనుకున్నానా? ఎన్నోసార్లు నన్ను నేను గుచ్చి గుచ్చి అడిగాను. లేదు. ఇంకొకటి కూడా అనుకున్నాను. చూసినా దానికేం కాదు, దాని చేతిలో నీలం పాస్‌పోర్టు ఉంది, అమెరికన్ సిటిజన్, దాన్నెవరేం చేస్తారు అనుకున్నాను. వీసాల భయంలో బతికి బతికి, మనిషికి జరగగల నష్టమంటే పాస్‌పోర్టుకు జరిగేదేనని నా మనసులో పడిపోయింది. ఆ పిల్లకి పోవడానికి వేరే ఏవో ఉన్నాయని నాకు తోచలేదు.

గార్డు నా డబ్బా మూత తీశాడు. ఇంగువ, పోపు వాసన గుప్పుమని కొట్టింది. మొహం వెనక్కి తిప్పి మూత పెట్టేశాడు. మా వాళ్లంతా పగలబడి నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వు ఇంకా ఆగకముందే శ్రేయ బ్యాగ్‌లోంచి టిష్యూ బయటికి వచ్చింది.

"ఇది నాది కాదు," అంది శ్రేయ. శ్రీధర్ గారి మొహం నల్లబడిపోయింది. "అబద్ధం ఆడకు. పొద్దుట్నుంచీ ఆ మొక్కల చుట్టూ తిరిగింది నువ్వు కాదా?" అని అందరి ముందూ గద్దించారు. అది ఏడుస్తూ, మాతో గేటు దాకా వచ్చిన రోసాకి స్పానిష్‌లో ఏదో చెప్పబోయింది. రోసా అరవలేదు, తిట్టలేదు. ఆ పువ్వుని చేతిలోకి తీసుకుని, శ్రేయ వైపు చాలాసేపు చూసి, ఇక వేసవిలో రావద్దని మాత్రం చెప్పింది. చిన్నపిల్ల అని కేసు లేకుండా వదిలేశారు. అవును, దాని పాస్‌పోర్టుకి ఏమీ కాలేదు.

నేను అక్కడే ఉన్నాను, ఆ పిల్లకి ఒక్క అడుగు దూరంలో. నోరు తెరిస్తే చాలు. తెరవలేదు.

బస్సు కదిలాక వచ్చి నా పక్కనే కూర్చుంది. ఇంకెక్కడ కూర్చుంటుంది పాపం? కిటికీ వైపు చూస్తూ అడిగింది.

"ఆంటీ, నా బ్యాగ్ మీ పక్కనే ఉంది కదా. ఎవరైనా టచ్ చేశారా?"

"తెలీదమ్మా. నేను నిద్రపోయాను."

"ఓకే."

అంతే. తల నా భుజం మీద పెట్టలేదు.

ఆ తర్వాతివి చిన్న చిన్నవి. చెప్పుకుంటే ఏమంత పెద్ద విషయాలు కావు. అడవులూ మొక్కలూ చదువుతానని అనేది, శ్రీధర్ గారు సాగనివ్వలేదు. "పరువు తీసింది చాలు, కంప్యూటర్స్ చదువు," అన్నారు. చదివింది. ఇప్పుడు టెక్సస్‌లో, కాపెల్ అనే ఊళ్లో ఉద్యోగం. తండ్రికీ కూతురికీ మధ్య పొడిపొడి మాటలే. పార్టీల్లో ఎవరైనా మొక్కల మాట ఎత్తితే శ్రీధర్ గారు, "జాగ్రత్తండోయ్, మా ఇంట్లో ఇంటర్నేషనల్ స్మగ్లర్ ఉంది," అంటారు. అందరూ నవ్వుతారు. ప్రతిసారీ నేనూ నవ్వాను. మొక్కని పెరికినప్పటి తప్పు ఒకటైతే, ఈ నవ్వులు ఇంకొకటి. రెండోదే పెద్దదని నాకు ఎప్పుడో తెలుసు.

డబ్బాలో ముక్క ఎవరికీ దొరక్కుండా ఇల్లు చేరి, బతికింది. షవర్ ఆవిరిని మబ్బు అనుకుంటోంది కాబోలు. ఆకులేస్తుంది, పువ్వు మాత్రం ఇంతవరకూ పూయలేదు. మా ఆయన ఉద్యోగం డాలస్‌కి మారాక ఇంట్లో నేనొక్కదాన్నే. లావణ్య పిలిచినా ఏదో వంక చెప్పి వెళ్లడం మానేశాను. సాయంత్రాలు ఆ బాత్రూంలో వేడినీళ్లు వదిలి, ఆవిరిలో స్టూలు మీద కూర్చుంటాను. అదీ ఒంటరిదే, నేనూ ఒంటరిదాన్నే. ఊళ్లో అందరికీ పిలకలు పంచే నేను, దీని పిలక ఒక్కరికీ ఇవ్వలేను.

మొన్న దీపావళికి తప్పించుకోలేక అందరినీ మా ఇంటికే పిలిచాను. శ్రేయ కూడా వచ్చింది, సెలవు పెట్టుకుని. కింద బాత్రూంలో ఎవరో ఉన్నారని పైకి వెళ్లిందట. పేపర్ ప్లేట్ల కోసం నేను మెట్లెక్కేసరికి, నా గదిలోంచి బయటికి వస్తోంది.

"అది ఫ్లవర్ అయిందా, ఆంటీ?"

"లేదమ్మా."

"అవ్వదు. రాత్రి కోల్డ్ కావాలి దానికి." మెట్ల దాకా వచ్చింది. "ఆ రోజు మీరు నిద్రపోలేదు కదా."

అడగలేదది. చెప్పింది. ఎప్పటినుంచి తెలుసో, ఎందుకు ఎవరికీ చెప్పలేదో నాకు తెలియదు. చెప్పినా ఎవరు నమ్ముతారనుకుందో, నా మీద దయ తలిచిందో. మెట్ల మీద నిలబడి నా జవాబు కోసం ఎదురుచూసింది. నేనేమన్నానో తెలుసా? "ప్లేట్లు కింద పెట్టొస్తానమ్మా," అన్నాను. ఛీ, ఏం మనిషిని! కిందికి వచ్చేసరికి శ్రీధర్ గారు మళ్లీ ఆ స్మగ్లర్ జోకే వేస్తున్నారు. శ్రేయ నా వైపు చూడలేదు. కోటు వేసుకుని వెళ్లిపోయింది.

శ్రేయకి తెలుగు చదవడం రాదు. అందుకే తెలుగులో రాస్తున్నానా, ఆ పిల్ల కళ్లలో పడకుండా? మొదలుపెట్టినప్పుడు అదే అనుకున్నాను. రాస్తుంటే తెలిసింది, శ్రేయకి నేను కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదని. క్షమాపణ ఉంది, అది దాని ఎదుట నిలబడి అడగాల్సింది, ఇస్తుందన్న ఆశ లేకుండా. తెలియాల్సింది ఇంకొకరికి. ఆయన ఫోన్‌లో తెలుగు ఏది కనిపించినా వదలకుండా చదువుతారు.

ఇందులో పేర్లన్నీ మార్చాను, నా పేరు రాయలేదు. కానీ గేటు దగ్గర గార్డు పులిహోర వాసన చూసి మొహం తిప్పుకోవడం ఆ రోజు అక్కడున్నవాళ్లు ఎవరూ మర్చిపోలేదు. ఆ డబ్బా ఎవరిదో కూడా. దాన్ని కూడా మార్చి రాయొచ్చు. రెండుసార్లు కొట్టేసి మళ్లీ రాశాను. ఉంచేస్తున్నాను. చాలా ఏళ్ల తర్వాత ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్లినట్టుంది.

అన్నగారూ, ఆ డబ్బా నాదే. ఆ పువ్వు తెంపింది నేను, ఆ బ్యాగ్‌లో పెట్టింది నేను. మీ అమ్మాయి ఆ రోజు అబద్ధం చెప్పలేదు.