నాకు క్రిస్మస్ లేదని తేల్చేసిన అన్న

నన్ను అడక్కుండా క్రిస్మస్ రోజు డ్యూటీకి నా పేరు ఇచ్చేశారు. ఇచ్చింది ఐరిష్ మేనేజర్ కాదు, మా డబ్లిన్ ఆఫీసులోని తెలుగు టీమ్ లీడ్ అన్న. మధ్యాహ్నం ఫోన్ చేసి అడిగాను.

"మనకేం క్రిస్మస్‌రా తమ్ముడూ? ఈ కోవిడ్‌లో ఎక్కడికి పోతావ్?"

"పక్కింటికి, అన్నా."

పక్కింటి మేరీ ఆంటీ పిల్లలు కోవిడ్ వల్ల ఈసారి రావడం లేదు. నేనూ వెళ్లకపోతే పండగ పూట ఆమె ఒక్కతే కూర్చుని తినాలి. నాకోసం మాంసం లేని వంట కూడా నేర్చుకుంటోంది.

దీపావళికి సెలవడిగితే "ఇక్కడ దీపావళి ఎవరికుందిరా" అన్నదీ ఈ అన్నే. ఇంతకీ నాకు ఏ పండగ ఉందో తెలిసినవాళ్లు కామెంట్లలో చెప్పండి.

అన్నా, మీకూ క్రిస్మస్ లేదు కాబట్టి, రేపు సాయంత్రం ఐదింటిలోగా నా పేరు తీసి మీ పేరు పెట్టి, మన ఆఫీసు గ్రూపులో చెప్పండి.