మీరా సాహెబ్ నూడుల్స్ సూప్

దావత్ వంటల్లో మీరా సాహెబ్‌ది హన్మకొండలో ముప్పై ఏళ్ల పేరు. రంజాన్ ఉపవాసంలో మెతుకు నోట్లో వేసుకోకుండానే, బిర్యానీ దేగ్ మూత తీసి ఆవిరి పీల్చి, ఉప్పు ఇంకా ఎంత పడాలో చెప్పేవాడు. భోజనాలకు పరిచిన దస్తర్‌ఖాన్ మీద ఉప్పు డబ్బా కనిపిస్తే మాత్రం అతిథులని కూడా చూడకుండా మండిపడేవాడు.

"నా వంటకు ఉప్పు డబ్బా ఏందయా? తియ్యిండ్రి దాన్ని!"

నిరుడు వచ్చిన జ్వరం ఆయనకు వాసన, రుచి రెండూ లేకుండా చేసింది. నాలుకకు కారం మంట ఒక్కటే తెలుస్తుంది. ఒక వలీమా పెళ్లి విందులో బిర్యానీ చెడ్డాక పిలిచేవాళ్లే లేరు.

ఇప్పుడాయన వండేది భార్య బడేబీకి మాత్రమే. మాంసం, గుడ్డు, పాలు ఏది తిన్నా ఆమెకు ఒళ్లంతా దద్దుర్లు. అందుకని వెల్లుల్లి, ఎండుమిర్చి నూనెలో వేయించి, టమాటాలు మగ్గబెట్టి, నీళ్లు మరిగాక నూడుల్స్ వేస్తాడు. పది నిమిషాల పని.

"ఉప్పు సరిపోయిందా?" అని రోజూ అడుగుతాడు.

"బరాబర్ ఉన్నది," అంటుంది బడేబీ.

ఆదివారం కాజీపేట నుంచి వచ్చిన కూతురు పర్వీన్ తల్లి గిన్నెలోంచి ఒక చెంచా నోట్లో పెట్టుకుంది.

"అమ్మీ, దీంట్ల ఉప్పే లేదు! ఎట్ల తింటానవ్?"

"నువ్వు ఊకో," అని బడేబీ తల వంచుకుని తింటూనే ఉంది.

వంటింటి గుమ్మంలో ఉన్న మీరా సాహెబ్ అదంతా విన్నాడు. మర్నాడు సూప్ గిన్నె భార్య ముందు పెట్టాడు. మళ్లీ వంటింట్లోకి వెళ్లి, ఉప్పు డబ్బా తెచ్చి, తనే దాని పక్కన పెట్టాడు.