స్టవ్ పైన రాజుగారి ముఖం

బాతెల్ అనే ఊళ్లో మేం అద్దెకున్న ఇంటి వంటగదిలో, స్టవ్ పైన గోడకి ఒక పాత టైలు అతికించి ఉండేది. నీలం రంగు మీద గులాబీలు, తెల్లగుర్రం, దాని మీద కిరీటం పెట్టుకుని, చేతి మీద డేగతో వేటకి బయల్దేరిన రాజు. ఇంటి ఓనరు ఇరాన్ నుంచి వచ్చిన పెద్దాయన. భార్య పోయాక కూతురి దగ్గరికి వెళ్లిపోతూ ఇల్లు మాకిచ్చారు. ఆ టైలు వాళ్ల నాన్నగారింటిదని, జాగ్రత్తగా చూసుకోమని మాత్రం చెప్పారు.

కారుకీ, ఫ్రిజ్‌కీ, చివరికి డిష్‌వాషర్‌కీ బొట్టు పెట్టే రకం నేను. ఎవరి పిచ్చి వారికి ఆనందం. ఇంట్లో చేరిన రోజు పాలు పొంగించి స్టవ్‌కి బొట్టు పెట్టాను. పైన అంతటి రాజుని వదిలేస్తే ఏం మర్యాదని, ఆయన నుదుట కూడా పసుపు రాసి కుంకుమ దిద్దాను.

రెండేళ్లకి మా ఆయన ఉద్యోగం పోయింది. మళ్లీ దొరికింది ఎక్కడో వేరే రాష్ట్రంలో, బెంటన్‌విల్‌లో. ఇల్లు ఖాళీ చేసే ముందు తుడుస్తుంటే కుంకుమ వచ్చేసింది గానీ, వంట ఆవిరికి కారిన పసుపు పోలేదు. రాజుకి కామెర్లొచ్చినట్టుంది.

"వదిలేయ్, ఓనర్‌ని అడిగి చేద్దాం," అన్నారు మా ఆయన.

"మీరూరుకోండి. బ్లీచ్ వేసి స్క్రబ్ చేస్తే అదే పోతుంది."

పోయింది. పసుపుతో పాటు కళ్లూ, ముక్కూ, మీసమూ పోయాయి. గుర్రానికీ డేగకీ ఏమీ కాలేదు. ముఖం ఒక్కటే ఎందుకు ఊడిందో అర్థంకాక, రంగంటిన స్పాంజి పట్టుకుని నిలబడిపోయాను.

మర్నాడు తాళాల కోసం వచ్చిన పెద్దాయన అది చూసి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. కుర్చీలో కూర్చుని, ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పారు.

"ఇక్కడికి తెస్తుంటే సూట్‌కేసులో ముఖం పెచ్చు ఊడింది. మా ఆవిడ ఈ వంటగదిలోనే కూర్చుని మామూలు రంగులతో మళ్లీ వేసింది. అంతకుముందుగానీ తర్వాతగానీ ఆవిడ బొమ్మ వేసింది లేదు. రాజులు పోవడం మాకు కొత్త కాదమ్మా. అది ఆవిడ చేత్తో వేసింది."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆయనే, "నేనెప్పుడూ ఫోటో తీసుకోలేదు. మీ దగ్గరేమైనా ఉందా?" అని అడిగారు.

ఫోన్‌లో రెండేళ్ల ఫోటోలు వెతికితే టైలు ఉన్నది ఒక్కటే దొరికింది, పాలు పొంగించిన రోజుది. గుర్రం ఉంది, డేగ ఉంది. నేను నవ్వుతూ రాజుకి బొట్టు పెడుతున్నాను. ముఖమంతా నా చేతి వెనక ఉండిపోయింది.

అదే పంపమన్నారు.