ఐదు సెకన్ల హాజరు

మా ఆఫీసులో ఎవరికీ రాయడం రాదు. ఈ మాట కోపంతో అనడం లేదు, చూసి చూసి అలవాటై అంటున్నాను. మేం చేసేది క్లౌడ్ పని. అంటే ఎక్కడో అద్దెకు తీసుకున్న కంప్యూటర్ల మీద నడిచే సాఫ్ట్‌వేర్ ఎట్లా మెలగాలో ఫైళ్లలో రాసిపెట్టడం. జనం ఎక్కువైతే ఎన్ని కంప్యూటర్లు నడపాలి, జవాబు కోసం ఎంతసేపు ఆగాలి, రాకపోతే మళ్లీ అడగాలా వద్దా, ఇట్లాంటివి. కాన్ఫిగరేషన్ ఫైళ్లంటారు. ఒక్కోటీ నాలుగు పేజీలుండదు. అయినా కరీంనగర్‌లో మా అంతస్తు మొత్తంలో ఒక ఫైలును మొదటి నుంచి చివరిదాకా చదివినవాణ్ని నేను చూడలేదు. కొత్త పని రాగానే పాత పని ఫైలు తెచ్చి, పైన పేరు మార్చి పంపేవాళ్లు. అర్థం కాని లైను కనిపిస్తే, "ఉండనీ తియ్, ఎవలు రాసిన్రో ఏమో" అనేవాళ్లు. కొండ ఊళ్లలో చంటిపిల్లల కేంద్రాల కోసం చేసిన సాఫ్ట్‌వేర్ ఫైల్లో 'బిర్యానీ' అనే పేరు అట్లాగే ఉండిపోయింది. అది మొదట ఓ పట్నం హోటలుకు తిండి ఆర్డర్లు తీసుకోవడానికి రాసిన ఫైలు మరి.

వీళ్లందరికీ పెద్ద మా సార్. ఆయన హోదా ఆర్కిటెక్ట్. ఆయన ఇండ్లకు ప్లాన్లు గీస్తాడని మా అవ్వ చాలా రోజులు అనుకుంది. గీసినా బాగుండేది, గోడ కూలితే తప్పెవరిదో తెలిసేది. కొన్నాళ్లు బెంగళూరులో ఉండి వచ్చాడు కాబట్టి నోరు తెరిస్తే 'బెస్ట్ ప్రాక్టీస్' అనేవాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. మేం పంపిన మార్పులు చదివి ఒప్పుకోవడం ఆయన పని. టీ తాగుతూ, ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ, తెరవైపు సగం చూసి పచ్చ బటన్ నొక్కేవాడు.

మా అక్క జైనూర్ అవతల ఒక కొండ ఊళ్లో ఉంటుంది. అక్కడ ఓ ట్రస్టు నడిపే చంటిపిల్లల కేంద్రంలో ఆయా. పొద్దున్నే పోయి పొయ్యి వెలిగించి, పిల్లల ముక్కులు తుడిచి, పప్పన్నం పెడుతుంది. ఆ కేంద్రాలకు హాజరు యాప్ చేసింది మా ఆఫీసే. ఆయా పిల్లలతో నిలబడి ఫొటో తీసి పంపాలి. ఫొటో అందకపోతే 'రాలేదు' అని పడుతుంది. అక్క ఫోన్లో చక్రం తిరిగి తిరిగి ఆగిపోయేది. నెల తిరిగేసరికి సగం రోజులు రాలేదని పడింది. ఇంకో నెల ఇట్లాగే ఉంటే తీసేస్తామన్నారు ట్రస్టువాళ్లు. అక్క పరేషానై, ఆదివారం ప్రార్థనలో లేచి నిలబడి, సిగ్నల్ కోసం ప్రార్థన చేయండని సంఘాన్ని అడిగిందట. అందరూ కళ్లు మూసుకుని టవర్ కోసం దేవుణ్ని వేడుకున్నారట. తాతల నాటి నుంచి మేం మెథడిస్టులం, ప్రార్థన అంటే నాకు చిన్నచూపు లేదు. కానీ నేను ఫైలు తెరిచి చూశాను. ఐదు సెకన్లలో ఫొటో రాకపోతే వదిలెయ్యమని అందులో ఒక లైను ఉంది. పట్నంలో బిర్యానీ అడిగేవాడికి ఐదు సెకన్లు చాలు. కొండ మీద ఫొటో ఎక్కడానికి అర నిమిషం పడుతుంది. ఇది దేవుడి చేతిలో లేదు, మా సార్ చేతిలో ఉంది.

"సార్, గీ ఐదును ముప్పై చేద్దాం. ఆడ నెట్ మెల్లగుంటది" అన్నాను.

"ఐదే ఉంటది. బెస్ట్ ప్రాక్టీస్."

"మా అక్క రోజూ పోతది సార్. అయినా రాలేదనే పడుతున్నది."

"మంచి ఫోన్ కొనుక్కోమను. పనికి పోకుండ సాకులు చెప్పేటోళ్లు మస్తుమంది ఉంటరు" అని మళ్లీ ఫోన్లో పడ్డాడు. నాకు ఒళ్లు మండింది.

కొన్నాళ్లకు ట్రస్టువాళ్లు కేంద్రాలు చూపిస్తామని సార్‌ను పిలిచారు. ఉట్నూరు దాకా కారు, అక్కణ్నుంచి జీపు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని పులుల వేటకు పోయినట్టు పోయాడు. కేంద్రం చూడవచ్చినవాళ్లు కూడా అక్కడ నిలబడి అదే యాప్‌లో ఫొటో పంపాలి. సాయంత్రం ఉట్నూరుకు దిగి వచ్చి నాకు ఫోన్ చేశాడు.

"నేను ఆడ నిలబడే ఉన్న. అది నేను రాలేదంటది! గిదేం యాప్?"

"ఐదు సెకన్లు సార్" అన్నాను. ఆయనది మంచి ఫోనే.

"మన ఆఫీసోళ్లు పోయినప్పుడు ముప్పై సెకన్లు ఆగేటట్టు రాయి" అన్నాడు.

"ఆయాలకు గూడ రాయాల్నా సార్?"

"వాళ్లకెందుకు? అలుసిస్తే నెత్తికెక్కుతరు."

ఇట్లాంటి మనిషి మీద కోపం కూడా దండగ. ఆఫీసువాళ్లకని విడిగా నేనేమీ రాయలేదు. ఐదు తీసేసి అందరికీ ముప్పై అని రాసి పంపాను. సార్ పల్లీలు నములుతూ పచ్చ బటన్ నొక్కాడు. చదువుతాడేమోనన్న భయం నాకు ఏ కోశానా లేదు.

ఆ నెల కొండ కేంద్రాల హాజరు ఒక్కసారిగా లేచింది. అక్క ఉద్యోగం నిలబడింది. ట్రస్టువాళ్లు మా ఆఫీసుకు వచ్చి సార్‌కు శాలువా కప్పారు. ఆయన మైకు పట్టుకుని, "నేనే స్వయంగ పోయి చూసిన. జర భయం పెట్టిన. ఇప్పుడు ఒక్కలు గూడ పనికి నాగ పెడ్తలేరు" అన్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నేను నోరు తెరిస్తే సార్ ఫైలు తెరుస్తాడు, ముప్పై మళ్లీ ఐదవుతుంది. ఆయన్ను చూస్తే రోత పుట్టింది. నా చేతులను చూసుకుంటే ఇంకా ఎక్కువ పుట్టింది.

ఆ వారంలోనే అక్క ఫోన్ చేసింది. ట్రస్టు మేడమ్ వచ్చి ఆయాలందరినీ వరుసగా నిలబెట్టి సంతకాలు తీసుకుందట. ఇన్నాళ్లూ పనికి నాగ పెట్టినందుకు తప్పయిందని, ఇకమీద మానకుండా వస్తామని.

"నువ్వు గూడ పెట్టినవా అక్కా?"

"పెట్టిన. పెట్టకుంటే తీసేస్తమన్నరు. పొద్దుగాల్నే పోరగాండ్లు వచ్చి గడపల కూసుంటరు తమ్మీ, వాళ్లను ఇడిసిపెట్టి యాడికి పోను?"

అక్క గొంతు తగ్గించి అడిగింది.

"జరమొచ్చినా పోయిన. ఒక్కనాడు గూడ నాగ పెట్టలే. నువ్వన్న నమ్ముతవు గదరా?"