లేవని మనిషి

మా కొత్తవాడలో పెద్ద జంపఖానా నేయాలంటే ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఒకరు లేస్తే రెండోవాడి చేతులూ ఆగిపోతాయి. ముప్పై ఏళ్లుగా నా పక్కన కూర్చునేది నా బామ్మర్ది. పొద్దున కూర్చుంటే అన్నం వేళదాకా లేవని మనిషినని వాడలో నాకు పేరు. ఒంటికి వచ్చినా బిగబట్టేవాణ్ణి. అదే గొప్పనుకున్నాను. ముందుంది మొసళ్ల పండగని అప్పుడు తెలియదు.

అరవై దాటాక పంచె తడవడం మొదలైంది. దగ్గినా, వంగినా చుక్కలు. పోదామని వెళ్తే సన్నటి ధార, అదీ ఆగి ఆగి. మూత్రసంచి వదులైపోయిందనుకుని చాయ్ మానేశాను, నీళ్లు తగ్గించాను. తడి మాత్రం తగ్గలేదు. నేసే జంపఖానా మీద ఎక్కడ మరక పడుతుందోనని, నడుం నొప్పని అబద్ధం చెప్పి ఇంట్లో కూర్చున్నాను. నాతోపాటు బామ్మర్ది పనీ ఆగింది.

వారం తర్వాత వాడే వచ్చి గడపలో నిలబడ్డాడు.

"నా మీద కోపమా బావా? ఉంటే తిట్టు, గని పనికి రా."

ఏడుపొచ్చి ఉన్నదంతా చెప్పేశాను. వాడు నవ్వలేదు. "ముందుగాల్నే జర చెప్తే ఏమైతుండె? నడువు దవాఖానకు," అని బండి తీశాడు.

డాక్టరమ్మ నన్ను మూత్రానికి వెళ్లి రమ్మని, ఆ తర్వాత స్కాన్ చేసింది. "వదులు కాలే పెద్దాయనా. పోయొచ్చినా సంచి నిండే ఉంటాంది. పట్టక పొర్లుతాంది. ఇట్లనే వదిలేస్తే కిడ్నీలు ఖరాబైతయి," అంది. ప్రోస్టేట్ గ్రంథి ఉబ్బి దారి మూసిందట. సాగి సాగి సంచికి పిండే బలం పోయిందట. ఆపరేషన్‌తో దారి తెరుచుకుంది గానీ బలం పూర్తిగా రాలేదు. రోజుకు నాలుగుసార్లు, గడియారం చూసుకుని, మూత్రదారిలోకి సన్నటి గొట్టం పెట్టి సంచిని ఖాళీ చేయాలన్నారు. నేర్పడానికి ఇంట్లోవాళ్లను పిలవమంది నర్సు. నాకు ఒళ్లు మండింది.

"తెగిన పోగును చూడకుంట అతికే చేతులివి బిడ్డా. నాకే నేర్పు."

సబ్బుతో చేతులు కడుక్కోవడం దగ్గర్నుంచి అన్నీ రెండు రోజుల్లో నేర్చుకున్నాను. మళ్లీ కడుపారా నీళ్లు తాగాను.

నెలన్నరకు మగ్గమెక్కాను. పంచె పొడిగా ఉంది. పదకొండు కాగానే, పక్క మగ్గాలవాళ్లు వినేలాగే అన్నాను. "బామ్మర్దీ, టైమైంది, లేస్తాన్న."

వాడు చేతిలో నూలు కండె కింద పెట్టాడు.

"ఆగు బావా, నేను గూడ వస్త. పొద్దటిసంది బిగవట్టుకున్న."

వాడి వెనకే పక్క మగ్గం మీది ఇద్దరూ దిగారు. లేవకుండా కూర్చున్న ముప్పై ఏళ్లలో నేనెన్నడూ అంత గర్వపడలేదు.