మిల్లు పిన్నమ్మ వినని మాటలు

రాయపురంలో మా వీధి పిండిమిల్లు పిన్నమ్మ పోయిన నెలలో చనిపోయింది. గుండెపోటని ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. అప్పటి నుంచి నేను ఒకచోట కుదురుగా కూర్చోలేకపోతున్నాను.

ఆమె మిల్లు లెక్కలు రోజూ నేనే రాసేవాణ్ణి. మా వీధిలో ఇళ్ళన్నీ ఒంటిగదులు. అత్తకు వినపడకుండా కోడలు పుట్టింటితో మాట్లాడాలన్నా, మేస్త్రీకి తెలియకుండా రేవు కూలీలు సంఘం సంగతి మాట్లాడుకోవాలన్నా ఆ మిల్లుకే వచ్చేవాళ్ళు. ఎవరైనా ఫోను తీసుకుని వెనక రేకుల పంచలోకి పోతే చాలు, గింజ లేకపోయినా పిన్నమ్మ మోటారు వేసేది. ఆ మోతలో ముందున్నవాళ్ళకు ఏమీ వినపడదు. కరెంటు దండగని నేను గొణిగితే, "మాటల ఖర్చని రాసుకో నాయనా" అనేది.

కిందటేడు మఫ్టీలో ఒక అధికారి వచ్చాడు. పంచలో మాటలు కూడా పట్టే కెమెరా పెడతామన్నాడు.

"కోర్టు కాయితం యాడ సార్?" అంది పిన్నమ్మ.

"ఇట్లాంటివాటికి అక్కర్లేదమ్మా. దేశభద్రత."

"ఎవురి మీద అనుమానం?"

"అది రహస్యం. తప్పు చెయ్యనోళ్ళకి భయమెందుకు?"

"అట్లయితే స్టేషన్లో మీరు మాట్లాడేది ఈడ వినపడేట్టు ఒక స్పీకరు పెట్టండప్పా. మీరూ తప్పు చెయ్యరు గదా!"

వరసలో ఉన్న ఆడవాళ్ళు పకపకా నవ్వారు. అతను నవ్వలేదు.

తర్వాత మిల్లు లైసెన్సు ఆగింది. ఎందుకని అడిగితే, అదీ చెప్పకూడదన్నారు. ఆఫీసుల చుట్టూ తిరిగి ఆమె కాళ్ళు వాచేవి. మిల్లు మూతపడుతుందేమోనని నాకు లోపల ఒకటే గుబులు.

"ఒప్పుకుంటే పోలా పిన్నమ్మా?" అన్నాను ఒకసారి.

"నా మాటలైతే ఇచ్చేద్దును నాయనా. ఆళ్ళ మాటలు నేనెట్టా ఇచ్చేది?"

నేను పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. దేశానికి దాచుకోవలసినవి కొన్ని ఉంటాయని ఒప్పుకుంటాను. మా వీధి కోడలికీ ఉంటాయని మాత్రం పిన్నమ్మ దగ్గరే నేర్చుకున్నాను.

కర్మక్రియలు అయిన మర్నాడే ఆ అధికారి మళ్ళీ వచ్చాడు. ఇద్దరు పిల్లలున్న ఆమె కూతురికి ఆ మిల్లే ఆధారం. సరేనంది. వారంలో లైసెన్సు వచ్చింది. ఆ అమ్మాయిని నేను తప్పు పట్టను.

నిన్న సాయంత్రం చూస్తే కెమెరా కంటి మీద పిండి పొరలా పేరుకుంది. దానికేమీ కనపడుతుండదు. వినపడుతుందేమో, ఎవరికీ తెలియదు. దాని కింద ఒక కొత్త కోడలు ఫోను పట్టుకుని నిలబడి ఉంది. "ఏందిమా, మాట్లాడవేంది?" అని అవతల తల్లి అడుగుతూనే ఉంది. ఆ పిల్ల పెదవులు బిగించి, పైకి చూస్తూ, ఫోనుకు తల మాత్రం ఊపింది.